‘ళ’ పోగొట్టుకున్న ఊరు

ఇచ్ఛాపురం దాటిన కాసేపటికి బస్సు కిటికీలో అక్షరాలు మారతాయి. గుండ్రదనం పోదు, టోపీ మారుతుంది. తెలుగు అక్షరం తలకట్టు పెట్టుకుంటే ఒడియా అక్షరం గొడుగు పట్టుకుంటుంది. గిరిసోల చెక్‌గేటు దగ్గర లారీల బారు, గొళంతర దగ్గర పొలాలు, తర్వాత అపార్ట్‌మెంట్లు. బరంపురం వస్తోందని తెలిసే లోపే జాతీయ రహదారి మీద ఒక బోర్డు వెనక్కి వెళ్ళిపోతుంది. దాని మీద ఇంగ్లిషు అక్షరాల్లో ఉన్న పేరును మనం చదివేది ‘హల్దియాపదర్’ అని. చెన్నై నుంచి కోల్‌కతా దాకా పోయే 16వ నంబరు రహదారికి ఇది ఒక కూడలి మాత్రమే. ఇక్కడ దిగాలని ఎవరూ ప్రయాణం పెట్టుకోరు. నేను పెట్టుకున్నాను. దారుల వెంట ఊళ్ళ పేర్లు ఏరుకునే అలవాటు ఉన్నవాడికి ఇలాంటి ఊరు కనిపిస్తే బస్సు ఆపించక తప్పదు.

కూడలికి ఎడంగా ఒక టీ బడ్డీ ఉంది. నడిపే పెద్దాయన ఒడియాలో ఒకరికి చిల్లర ఇస్తూ, తెలుగులో నన్ను పలకరించాడు.

‘‘ఏటి బాబూ, ఎవులింటికి?’’

‘‘ఎవరింటికీ కాదు తాతా. ఊరు చూద్దామని.’’

‘‘ఈ ఊర్లో సూడ్డానికేటుంది?’’ అని నవ్వి గ్లాసు చేతికిచ్చాడు. ఊరి పేరు ఒకసారి చెప్పమన్నాను. చెప్పాడు. ఆ పలుకు విన్నాకే నాకు బోర్డు మీద అనుమానం పుట్టింది.

ఆయన అన్నది ‘హల్దియాపదర్’ కాదు, ‘హళదియాపదర’. మధ్యలో నాలుక మడతపడే ‘ళ’ ఉంది, చివర అచ్చు ఉంది. ఒడియా తన మాటల్ని చివర కోసేసుకోదు. ‘రామ’ అంటుంది, ‘రామ్’ అనదు. మనదీ అజంత భాషే కదా, అచ్చుతో ముగియకపోతే మన మాట మనకే తోచదు. పైగా ‘ళ’ మనకూ ఉంది, ఒడియాకూ ఉంది. బంగాళీకి లేదు, నేటి హిందీకి లేదు, ఇంగ్లిషుకు ఎలాగూ లేదు. అయినా తెలుగు పత్రికల్లోనూ పటాల్లోనూ ఈ ఊరు ‘హల్దియాపదర్’గానే ఉంటుంది. పాతిక కిలోమీటర్ల దూరం నుంచి రావాల్సిన పేరు ఇంగ్లిషు మీదుగా చుట్టు తిరిగి మనకు చేరింది. ఆ చుట్టుదారిలో ఒక ‘ళ’, ఒక అచ్చు రాలిపోయాయి. పక్కింటివాడి పేరు ఊరవతల మనిషిని అడిగి రాసుకున్నట్టుంది మన పని.

ఇక అర్థం. హళది అంటే పసుపు. సంస్కృతంలోని హరిద్ర. ‘హళదియా’ అంటే పసుపు రంగు. ఒడియా ఆ రంగుకు దుంప పేరే పెట్టుకుంది. మనమూ అంతే, రంగునూ దుంపనూ ఒకే ‘పసుపు’తో పిలుస్తాం. ‘పదర’ అంటే మెట్టున ఉన్న బయలు, పెద్దగా చెట్టూచేమా లేని విశాలమైన నేల. గంజాం, కంధమాల్ జిల్లాల్లో ఈ ‘పదర’ తోకతో ఊళ్ళు చాలా ఉన్నాయి. బుగుడ వైపు బల్లిపదర అని ఒకటుంది. ఆ పేరు వినగానే తెలుగువాడు గోడ వైపు చూస్తాడు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరమవుతుంది.

అయితే ఇది పసుపు మెట్ట. ఎందుకు పసుపు? ఇక్కడ కథ అల్లడం చాలా తేలిక. కంధమాల్ కొండల పసుపు పేరున్న సరుకు. 2019లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ కొండల నుంచి బలిగుడ, సొరడ, ఆసిక, హింజిలికాటు మీదుగా బరంపురానికి దిగే దారి ఇప్పుడు 59వ నంబరు జాతీయ రహదారి. పూర్వం ఆ దారిన పసుపు బండ్లు దిగేవని, ఊరి బయట ఈ మెట్ట మీద పసుపు ఎండబోసేవారని, నేలంతా పచ్చగా మారి ఆ పేరొచ్చిందని రాస్తే ఆదివారం అనుబంధానికి భలేగా ఉంటుంది. నాకూ చెయ్యి ఊరింది. కానీ దానికి ఆధారం నా ఊహ ఒక్కటే. ఆ పసుపు నేల మట్టిది కావచ్చు, ఎండిన గడ్డిది కావచ్చు. ఒడియాలో వంగపండు పిట్టను ‘హళదీబసంత’ అంటారు, ఆ పిట్టలు వాలే బయలు కూడా కావచ్చు. పేరు రంగు చెబుతోంది. కారణం చెప్పడం లేదు.

ఇదంతా ఎందుకంటే, పాత దారుల్ని వెతికేవాళ్ళకు ఊళ్ళ పేర్లే గతి. ఇంగ్లండులో దీన్ని ఒక వ్యసనంగా పెట్టుకున్న మనుషులున్నారు. పటం పరుచుకుని రోమన్ రోడ్లు వెతుకుతారు. రోమన్లు రోడ్డు వేశారంటే రాళ్ళు పేర్చి, గట్టు కట్టి, వీలైనంత తిన్నగా వేస్తారు. క్రీ.పూ. 312లో మొదలుపెట్టిన అప్పియన్ మార్గం ఇప్పటికీ ఇటలీలో కాళ్ళ కింద తగులుతుంది. బ్రిటన్‌లో రాళ్ళు మట్టిలో కూరుకుపోయిన చోట పేర్లు మిగిలాయి. ‘చెస్టర్’ అని తోక ఉంటే అక్కడ రోమన్ దండు విడిది ఉండేదని పసిగడతారు. ‘స్ట్రీట్’ అన్న మాటే పరిచిన బాటకు లాటిన్ వాళ్ళు పెట్టుకున్న పేరులోంచి వచ్చింది. వాళ్ళ ప్రయాణపు జాబితాల్లో ‘వంతెన దగ్గర’, ‘తొమ్మిదో మైలు దగ్గర’ అన్న మాటలే ఊళ్ళ పేర్లుగా నిలబడ్డాయి. మన ‘ఆరోమైలు’ స్టాపుల్లాగే.

మన తూర్పు తీరాన ఏ రోమన్ చక్రవర్తీ రాయి పరవలేదు. ఎవరు పరిచినా నిలిచేది కాదు. నాగావళి, వంశధార, బాహుద, రుషికుల్య అన్నీ పడమటి కొండల నుంచి దిగి దారిని అడ్డంగా కోసుకుంటూ సముద్రంలో పడతాయి. వానాకాలం బాటను తుడిచేస్తుంది, ఎండాకాలం బండ్లు పక్కనే మరో బాట వేస్తాయి. కొండలకూ సముద్రానికీ నడుమ ఆ సన్నటి నేల మీద దారి పాములా మెలికలు తిరిగింది కానీ, ఆ నేలను మాత్రం వదల్లేదు. అదే నేల మీద అశోకుడి దండు, పూరీ యాత్రికులు, గజపతుల ఏనుగులు, కృష్ణదేవరాయల గుర్రాలు, కుంఫిణీ సిపాయిలు నడిచారు. 1510లో చైతన్యుడు పూరీ నుంచి శ్రీకూర్మం, సింహాచలం మీదుగా గోదావరికి నడిచి వెళ్ళిందీ ఈ నేల మీదుగానే. 1890ల్లో రైలు పట్టాలూ ఇక్కడే పడ్డాయి. పాత 5వ నంబరు రహదారి, నంబర్లు మార్చాక 16 అయినది, ఆ వరసలో చివరిది.

అశోకుడి మాట వచ్చింది కనుక బరంపురానికి ఉత్తరాన జఉగడ దాకా వెళ్ళాలి. రుషికుల్య ఒడ్డున, పురుషోత్తంపూర్‌కు దగ్గర. అక్కడి బండ మీద క్రీ.పూ. మూడో శతాబ్దపు శాసనాలున్నాయి. కళింగ యుద్ధం గురించి పశ్చాత్తాపపడే పదమూడో శాసనాన్ని కళింగులకే చదివి వినిపించడం బాగుండదనుకున్నాడో ఏమో, ధౌళిలోనూ జఉగడలోనూ అది వేయించలేదు. దాని బదులు ఇక్కడి అధికారులకు ప్రత్యేకంగా ఆజ్ఞలు చెక్కించాడు. జనాన్ని బిడ్డల్లా చూసుకోమన్నది వాటి సారం. దారి వెతుక్కునేవాడికి మాత్రం రెండో శాసనం ముఖ్యం. మనుషులకూ పశువులకూ పనికొచ్చేలా బాటల వెంట బావులు తవ్వించి చెట్లు నాటించినట్టు అందులో ఉంది. రోమన్లు బాటకు రాయి పరిచారు. ఇక్కడివాళ్ళు బాట పక్కన నీళ్ళు పెట్టారు. ఎండలు తెలిసినవాళ్ళ పని అది.

ఆ ఊరి పేరు శాసనంలో సమాప. ఇప్పుడు ఆ పేరు పలికేవాళ్ళు లేరు. ‘జఉ’ అంటే లక్క, ‘గడ’ అంటే కోట. శత్రువు ఎక్కబోతే జారిపడేలా గోడలకు లక్క పూశారని ఒక కథ, పాండవుల లక్కయిల్లు ఇదేనని మరో కథ. అసలు పేరు బండ మీద ఉండగానే, దాన్ని చదవడం మరిచిన జనం కొత్త పేరు పెట్టి, దానికి తగిన కథ అల్లుకున్నారు. ఊళ్ళ పేర్ల విషయంలో ఎప్పుడూ జరిగేది ఇదే. కథ ముందు పుట్టి పేరు రాదు. పేరే ముందు, కథ వెనక.

రోమన్లు ఇక్కడికి రోడ్డు వేయలేదన్నాను. కానీ వాళ్ళ కాలపు పటంలో గంజాం తీరం ఉంది. రెండో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో కూర్చుని లోకమంతటికీ అక్షాంశ రేఖాంశాలు లెక్కగట్టిన టోలమీ, ఈ తీరాన ‘పలూర’ అనే ఊరును గుర్తించాడు. స్వర్ణభూమికి, అంటే బర్మా, మలయా వైపుకు పోయే ఓడలు ఒడ్డును వదిలి నడిసముద్రానికి తిరిగే చోటు దాని దగ్గరే అని రాశాడు. చిలికా సరస్సుకు దక్షిణపు కొసన, రుషికుల్య సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో పాలూరు అనే ఊరు ఇప్పటికీ ఉంది. పక్కన కొండ, దాని పేరూ పాలూరే. రోముకూ గంజాంకూ నడుమ ఉన్నది నీళ్ళ బాట. ఆ బాటకు మైలురాయి ఈ ఒక్క పేరు.

ఇక్కడే మన భాషకు పెద్ద పీట పడింది. ఫ్రెంచి పండితుడు సిల్వాఁ లెవీ 1925లో పలూర అన్న మాటను విడగొట్టి చూశాడు. ‘పల్లు’ అంటే ద్రావిడ భాషల్లో పన్ను. పలువరుస అంటాం కదా, ఆ పలు. ‘ఊరు’ సంగతి చెప్పనక్కర్లేదు. పల్లు ఊరు అంటే పంటి ఊరు. అంటే బౌద్ధ గ్రంథాల్లోని దంతపురం! బుద్ధుడి దంతాన్ని పూజించిన కళింగ నగరం, ఆ దంతమే తర్వాత సింహళానికి చేరిందని చెప్పే నగరం. సంస్కృతం వాళ్ళు దంతపురం అన్నదాన్ని నాటు జనం పల్లూరు అన్నారని, ఓడ సరంగులు ఆ నాటు పేరే గ్రీకుల చెవిన వేశారని లెవీ వాదన.

చదివినప్పుడు ఛాతీ ఉబ్బుతుంది. రెండు వేల ఏళ్ళ నాటి గ్రీకు పటంలో మన పన్ను! కానీ బల్లిపదర దగ్గర గోడ వైపు చూసిన చెవి కూడా ఇదే కదా. పాలూరులో పన్ను వినిపించినట్టే పాలూ వినిపిస్తాయి. దంతపురం ఆమదాలవలస దగ్గరి దంతవక్త్రుని కోట అని నమ్మేవాళ్ళు శ్రీకాకుళంలో ఎందరో ఉన్నారు, వాళ్ళ వాదనకూ బలం ఉంది. లెవీ మహా పండితుడు. అయినా ఆయన చేసిన పని, టీ బడ్డీ దగ్గర నేను చేసే పని, ఒకే జాతివి. నా మటుకు పల్లు కన్నా ‘ఊరు’ మీద నమ్మకం ఎక్కువ. ముందు మాటను ఎటైనా సాగదీయవచ్చు. తోక మాత్రం ఎవరి నాలుక మీద పుట్టిందో చెప్పేస్తుంది.

తోకల లెక్కన చూస్తే ఈ దారి చదవడం సుళువు. ఇచ్ఛాపురం తర్వాత మద్రాసు వైపు రైల్లో వచ్చే మొదటి స్టేషన్లలో ఝాడుపూడి ఒకటి. ‘పూడి’ అన్నది గుడివాడ నుంచి గోదావరి దాకా ఎక్కడ విన్నా తెలుగే. ముందున్న ‘ఝాడు’లో ఒడియా గాలి ఉంది. ఆంధ్రలో ఉన్న ఊరికి ఒడియా తల, తెలుగు తోక. పల్లికి మాత్రం హద్దు లేదు. బరంపురంలో కామపల్లి, లంజిపల్లి ఉన్నాయి. రెండో పేరు విని బస్సులో తెలుగు కుర్రాళ్ళు మూతి బిగబట్టి నవ్వుకోవడం నేను చూశాను. ఒడియాలో ‘లాంజ’ అంటే తోక, అంతే. మన చెవి అనవసరంగా సిగ్గుపడింది.

స్టేషన్ల పేర్లలో మరొకటి గమనించాను. సుర్లా రోడ్, మందస రోడ్. స్టేషను ఊరిలో లేదు, ఊరికి పోయే రోడ్డు దగ్గర ఉంది. రోమన్ల ‘వంతెన దగ్గర’ లాంటిదే. ఊరి పేరుకు దారి వచ్చి అతుక్కుంది.

ఈ బాట గురించి మాట్లాడుతూ ఏనుగుల వీరాస్వామయ్యను తలవకపోతే తప్పు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉన్న ఆయన 1830 మే 18న కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. పోయేటప్పుడు హైదరాబాదు, నాగపూరు దారి. వచ్చేటప్పుడు కలకత్తా, పూరీ చూసుకుని ఈ కోస్తా దారినే దిగాడు. మజిలీ మజిలీకి ఊరి పేరు, అక్కడ అంగళ్ళున్నాయా, సత్రముందా, నీళ్ళు ఎలాంటివి అని రాసుకుంటూ వచ్చాడు. ఆ కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. రోమన్ల దగ్గర ఇలాంటి జాబితాలు చక్రవర్తి పేరు మీద ఉండేవి. మన దగ్గర ఒక ఉద్యోగి తన మిత్రుడికి రాసిన ఉత్తరాలుగా ఉన్నాయి. అన్నట్టు, రోమన్లు దారి మధ్యలో బస చేసే చోటును ‘మాన్సియో’ అనేవారు. మన మజిలీ అరబ్బీ నుంచి వచ్చింది. రెండింటికీ చుట్టరికం లేదు, మోత ఒకటే. ఇలాంటి పోలికలే పేర్ల వేటగాణ్ణి బోల్తా కొట్టిస్తాయి.

బరంపురం పేరు కూడా చాలా నోళ్ళలో నలిగింది. ఒడియా వాళ్ళ కాగితం మీద బ్రహ్మపుర, మన నోట బరంపురం, ఇంగ్లిషు వాళ్ళకు బెర్హంపూర్. బంగాళంలో ముర్షిదాబాదు జిల్లాలోనూ ఇంగ్లిషులో ఇంచుమించు ఇదే పేరున్న పట్నం ఉంది. అందుకే ఇది పాత కాగితాల్లో ‘గంజాం బెర్హంపూర్’ అయింది. ఇప్పుడు స్టేషను బోర్డు మీద బ్రహ్మపుర్ అని ఉన్నా, దాని రైల్వే కోడ్‌ బీ ఏ ఎమ్. గబగబా చదివితే ‘బమ్’. బరంపురం వాళ్ళకు ఇది మామూలైపోయింది.

ఊరి లోపల పేర్లు ఇంకా తమాషా. కోర్టుపేటలో ఇంగ్లిషు తల, తెలుగు తోక. హిల్‌పాట్నాలో ఇంగ్లిషు తల, ఒడియా తోక. మిలిటరీ లైన్స్ అంటే పాత కంటోన్మెంటు మిగిల్చిన పేరు. గోసాణి నూఆగాఁలో అమ్మవారు, కొత్త ఊరు రెండూ ఉన్నాయి, అంతా ఒడియానే. దేశిబెహెరా వీధి మాత్రం తెలుగు నేతగాళ్ళ కులపెద్ద బిరుదు మీద నిలబడింది. ‘డేరా’ అని పిలిచే ఆ నేత కుటుంబాలు తెలుగు దేవాంగులు. రెండేళ్ళకోసారి జరిగే బుఢీ ఠాకురాణి యాత్రలో అమ్మవారు పుట్టింటికి వచ్చేది ఆ వీధికే. పిలిచేది ఆ కులపెద్దే. పట్టు నేసిన తెలుగువాళ్ళ ఇల్లు ఒడియా అమ్మవారికి పుట్టిల్లు కావడం కన్నా పెద్ద శాసనం ఏముంటుంది? 2012లో బరంపురం పట్టుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కాగితం వచ్చే నాటికే మగ్గాలు చాలా తగ్గిపోయాయి.

అన్నిటికన్నా నాకు నచ్చింది టాటా బెంజ్ స్క్వేర్. టాటాలు 1954లో జర్మనీ బెంజ్ కంపెనీతో కలిసి లారీలు చేయడం మొదలెట్టి 1969 దాకా కలిసి నడిచారు. ఆ పొత్తు ముగిసి అరవై ఏళ్ళు కావస్తోంది. కూడలి పేరు మాత్రం కదల్లేదు. ఆటోవాణ్ణి అడిగితే ఇప్పటికీ అక్కడ దింపుతాడు. సమాపకు ఆ అదృష్టం దక్కలేదు.

1936 ఏప్రిల్ 1న ఈ నేలలో చాలా భాగం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి కొత్త ఒరిస్సాకు వెళ్ళింది. ఇచ్ఛాపురం ఇటు ఉండిపోయింది, బరంపురం అటు వెళ్ళింది. 1894లో బరంపురంలో పుట్టిన వి.వి.గిరి తర్వాత రాష్ట్రపతి అయ్యాడు. తెలుగువాడి పుట్టినూరు ఒడిశాలో ఉందేమిటని ఇప్పటి పిల్లలు అడుగుతారు. ఆయన పుట్టినప్పుడు అది ఒడిశా కాదు, గంజాం జిల్లా. అంతకు మించి హద్దు లేదు. పర్లాకిమిడి అటు పోయిందని బాధపడి గిడుగు రామమూర్తి రాజమండ్రి వెళ్ళిపోయాడు. మనుషులు సర్దుకుని వెళ్ళగలరు. పేట, పూడి, పల్లి, కోట ఎక్కడికి వెళతాయి?

బరంపురం దాటి ఉత్తరానికి సాగితే ఛత్రపురం. జిల్లా కేంద్రం ఇదే. మన చెవికి సత్రం వినపడుతుంది, ఒడియా చెవికి రాజుగారి గొడుగు. నేను తీర్పు చెప్పను. తర్వాత గంజాం. అంత పెద్ద జిల్లాకు పేరిచ్చిన ఊరు ఇప్పుడు చిన్న పట్నం. పారసీలో ‘గంజ్-ఇ-ఆమ్’, అంటే లోకానికి ధాన్యాగారం అని పాత గెజిటీర్లు అర్థం చెబుతాయి. సికాకోలుకు (శ్రీకాకుళానికి) ‘సిక్కా ఖోల్’, మూట విప్పు అని చెప్పినట్టే. గంజ్ అంటే బజారన్నంత వరకు ఒప్పుకుంటాను, మిగతాది దర్బారు ముచ్చట. కుంఫిణీ వాళ్ళు 1768లో ఇక్కడ తమ మొదటి రెసిడెంటు ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్‌ను పెట్టి కోట కట్టారు. 1815లో విషజ్వరం వచ్చి జనం పిట్టల్లా రాలితే దొరలు ఊరు వదిలేశారు. కచేరీ వెళ్ళిపోయింది, పేరు జిల్లా మొత్తానికి మిగిలింది.

హుమ్మ ఉప్పు కొఠార్లు దాటితే చిలికా ఒడ్డున రంభ. 1790ల్లో అక్కడ భవనం కట్టించిన స్నాడ్‌గ్రాస్ దొర సంగతి ఒకటి చెప్పుకుంటారు. కుంఫిణీ ఉద్యోగం ఊడగొట్టి పింఛను ఇవ్వనంటే, ఆయన లండన్‌లో కుంఫిణీ కచేరీ ఎదుటి కూడలిలో చీపురు పట్టుకుని రోడ్డు ఊడ్చాడట. రాజభోగాలు అనుభవించిన గంజాం దొర వీధులు ఊడుస్తుంటే డైరెక్టర్లకు తల కొట్టేసినట్టయి పింఛను మంజూరు చేశారట. కథలో నిజమెంతో గానీ, ఈ దారి తాలూకు మనిషి చివరికి దారి మీదే గెలిచాడు. రంభ ఎదురుగా నీళ్ళలో ఉన్న బుల్లి దిబ్బ పేరు బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్. ఉదయం ఫలహారం చేసే చోటట. జఉగడ లక్క కన్నా ఇది సుఖమైన పేరు.

బరంపురం నుంచి తూర్పుకు తిరిగితే గోపాలపూర్. పాత కుంఫిణీ కాగితాల్లో ఆ రేవు పేరు మన్సూర్‌కోట. ముస్లిం పేరు, మన కోట. రెండో ప్రపంచ యుద్ధం దాకా ఇక్కడి నుంచి రంగూనుకు స్టీమర్లు నడిచాయి. ఉత్తరాంధ్ర, గంజాం కూలీలు మూటలు నెత్తిన పెట్టుకుని ఇక్కడే ఓడెక్కారు. టోలమీ ఓడలు స్వర్ణభూమికి తిరిగిన చోటికి ఇది ఎంతో దూరం కాదు. బర్మాలో తెలుగువాళ్ళను ‘కొరంగీ’లన్నారు, కాకినాడ పక్క కోరంగి రేవు పేరు మీద. మలయాలో దక్షిణాది వాళ్ళను ‘కెలింగ్’ అన్నారు, కళింగం పేరు మీద. మలక్కాలో కంపుంగ్ క్లింగ్ మసీదు నేటికీ ఆ పేరుతోనే ఉంది. పేర్లు దారిలో ఊళ్ళకు అంటుకున్నట్టే, సముద్రం దాటాక మనుషులకు అంటుకున్నాయి.

సాయంత్రానికి మళ్ళీ హళదియాపదర చేరాను. లారీల లైట్లు వెలుగుతున్నాయి. రెండు రహదారుల రద్దీ దగ్గరపడే చోట మెట్ట ఎక్కడుందో, బయలు ఎక్కడుందో పోల్చుకోవడం కష్టం. పచ్చగా కనిపించింది వీధిదీపాల వెలుతురు ఒక్కటే. పెద్దాయన బడ్డీ కట్టేసే పనిలో ఉన్నాడు. నా చేతిలో పుస్తకం చూసి ఏం రాశావని అడిగాడు. చూపించాను. కాసేపు తిరగేసి ఇచ్చేశాడు.

‘‘మాకు తెలుగు మాటొచ్చు బాబూ, అచ్చరం రాదు. ఒడియాలో సదువుకున్నాం. నువ్వే సదువు.’’

చదివాను. ‘హళదియాపదర’.

‘‘ఆఁ, అదే’’ అని, బల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చసాగాడు.